వార్తల్లో పదం: సెండ్ మీడియేషన్

ఇంగ్లాండ్ బడుల వార్తల్లో తరచూ కనిపించే మాట ఇది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల చదువుపై తల్లిదండ్రులకూ స్థానిక అధికారులకూ తేడాలొస్తే, ఏ పక్షానికీ చెందని మధ్యవర్తి ఇరువురినీ కూర్చోబెట్టి మాట్లాడించడమే సెండ్ మీడియేషన్. మధ్యవర్తి తీర్పు చెప్పరు; ఒప్పందం ఆ ఇరువురిదే. అక్కడి 2014 చట్టం ప్రకారం చాలా వివాదాల్లో ట్రైబ్యునల్‌కు వెళ్లేముందు మీడియేషన్ సలహాదారు నుంచి ధ్రువపత్రం తీసుకోవాలి. మీడియేషన్‌కు కూర్చోవాలా వద్దా అన్నది మాత్రం తల్లిదండ్రుల ఇష్టం.

ఇదే పద్ధతి మన దగ్గర ఉంటే? ముంబయిలో గ్రాంట్ రోడ్ దగ్గర కామాఠీపుర చాల్‌లో ఒక తల్లి ఉందనుకుందాం. మూడో తరగతి పిల్లాడికి చెవులు సరిగా వినపడవు. ప్రత్యేక పాఠశాలకు పంపమంటారు టీచరు. ఇంటి దగ్గరి తెలుగు బడే చాలంటుంది తల్లి. మధ్యవర్తి ఉంటే ముందు అడిగేవి చిన్న ప్రశ్నలే: వాడు ఏ బెంచీలో కూర్చుంటున్నాడు? పాఠం చెప్పేటప్పుడు టీచరు ముఖం వాడికి కనపడుతోందా? సగం గొడవ అక్కడే తేలిపోవచ్చు. ఒప్పందం మరాఠీలో రాసి, తెలుగు మాత్రమే చదవగల తల్లి చేత సంతకం పెట్టించుకుంటే మాత్రం అన్యాయమే.

మన దివ్యాంగుల హక్కుల చట్టంలో (2016) ఇలాంటి మీడియేషన్ లేదు. 40 శాతానికి తగ్గని వైకల్యమున్న 6–18 ఏళ్ల పిల్లలకు దగ్గరి బడిలోనో, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలోనో ఉచిత చదువు హక్కుగా ఉంది. అది అందకపోతే రాష్ట్ర కమిషనర్‌కు ఫిర్యాదు చేయొచ్చు. విద్యాహక్కు చట్టం కిందైతే స్థానిక సంస్థకు రాసివ్వాలి. 3 నెలల్లో వాళ్లు తేల్చాలి.