కె-డ్రామా సరే.. కాంజీ సంగతేంటి?

డ్రామాలు, అనిమే చూసి డిగ్రీలో కొరియనో జపనీసో చదవాలనుకుంటున్నారా? వ్యాకరణానికి భయపడక్కర్లేదు. ‘నేను అన్నం తింటాను’ అన్నట్టే జపనీస్‌లో ‘వతాషి వ గోహన్ ఓ తబెమాసు’. కొరియన్‌లోనూ క్రియ చివరికే వస్తుంది. ఇక్కడ ఇంగ్లిష్‌లో కాదు, తెలుగులో ఆలోచించండి!

కొరియన్ లిపిలో మూల అక్షరాలు 24. కొద్దిరోజుల్లోనే చదవడం వచ్చేస్తుంది. అసలు తంటా జపనీస్‌తోనే. హిరగానా, కతకానా అయ్యాక నిత్య వాడుకలోని కాంజీలు 2,136. రోజుకు నాలుగు నేర్చుకున్నా ఏడాదిన్నర పడుతుంది. అంత ఓపిక ఉందో లేదో సీటు తీసుకోకముందే చూసుకోండి.

కొరియన్‌కు మరో చిక్కుంది. డ్రామాలో స్నేహితులు మాట్లాడుకునే ‘బన్‌మల్’ మేనేజర్ దగ్గర వాడితే ‘ఏరా’ అన్నట్టే. పెనుకొండ దగ్గరి కియా లాంటి చోట దుబాసీగా చేరాలంటే మర్యాద రూపాలు నోటికి రావాలి.

ఢిల్లీ జేఎన్‌యూలో రెండు భాషల్లోనూ బీఏ ఆనర్స్ ఉంది, ప్రవేశం సీయూఈటీతో. జపనీస్‌కైతే హైదరాబాద్‌లోనే ఇఫ్లూ ఉంది. డిగ్రీతోపాటు జేఎల్‌పీటీ (జపనీస్), టోపిక్ (కొరియన్) పరీక్షలు రాయండి. జేఎల్‌పీటీలో తొలిమెట్టు ఎన్5 దగ్గరే ఆగొద్దు, ఎన్2 దాకా వెళ్లాలి. అందులో మాట్లాడే పరీక్ష ఉండదు. ఇంటర్వ్యూలో మాత్రం మాట్లాడాల్సిందే!