ఆవు పాలతో ఇంటి పనీర్ తయారీ - శాస్త్రీయ మెళకువలు

రాయలసీమ గృహాల్లో మిగులు పాలు సంప్రదాయంగా పెరుగు, మజ్జిగ, నెయ్యిగా మారుతాయి; పాలు విరగడాన్ని నష్టంగానే పరిగణిస్తారు. పాలను ఆమ్లంతో విరిచి తయారుచేసే పనీర్ ఉత్తర భారతం నుంచి వచ్చి, నేడు శ్రీకాళహస్తి వంటి పట్టణాల్లో ఇంటి వంటలో చేరింది. అయితే ప్రచారంలో ఉన్న విధానం ప్రధానంగా గేదె పాలకు అనువైనది. చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో సంకర జాతి ఆవుల పాడి అధికం. ఆ విధానాన్నే ఆవు పాలకు యథాతథంగా పాటిస్తే పనీర్ మెత్తబడి, వండేటప్పుడు విడిపోతుంది. స్వల్ప మార్పులతో ఈ లోపాన్ని సవరించవచ్చు.

తేడాకు కారణం

గేదె పాలలో వెన్న సుమారు 6-7 శాతం, ఆవు పాలలో 3.5-4.5 శాతం ఉంటుంది. గేదె పాలలో కేసీన్, కాల్షియం కూడా ఎక్కువ. అందువల్ల విరుగుడు గట్టిగా కూడుకుంటుంది. 100 కిలోల గేదె పాల నుంచి 20-22 కిలోల పనీర్ లభిస్తే, ఆవు పాల నుంచి 16-18 కిలోలు మాత్రమే లభిస్తుంది.

తయారీ విధానం

1. తాజా పాలను పొంగు వచ్చే వరకు కాచాలి. 90 డిగ్రీల సెల్సియస్ వేడికి తేటలోని ప్రోటీన్లు కేసీన్‌తో కలిసి విరుగుడులో నిలుస్తాయి, దిగుబడి పెరుగుతుంది. పులిసి చెడిన పాలను వాడరాదు.

2. గేదె పాలను 70 డిగ్రీలకు చల్లార్చి విరవాలి. ఆవు పాలను 80-85 డిగ్రీల వద్దే విరవాలి. అధిక వేడిలో విరుగుడు నుంచి నీరు ఎక్కువగా తొలగి, ముద్ద గట్టిపడుతుంది. ఉష్ణమాపకం లేనప్పుడు పొంగు అణగిన వెంటనే ఆమ్లం కలపాలి.

3. లీటరు పాలకు 2 గ్రాముల నిమ్మ ఉప్పును 200 మి.లీ. వేడి నీటిలో కరిగించి, మెల్లగా కలుపుతూ పోయాలి. దీనికి బదులు 30-35 మి.లీ. నిమ్మరసాన్ని వేడి నీటితో పలుచన చేసి వాడవచ్చు. లేత ఆకుపచ్చ ఛాయతో తేట స్పష్టంగా విడిపోగానే ఆపాలి. ఆమ్లం మించితే పులుపు మిగులుతుంది.

4. ఐదు నిమిషాల తరువాత పలుచని గుడ్డలో వడకట్టి, వేడి తగ్గకముందే బరువు ఉంచి 15-20 నిమిషాలు అదమాలి. అనంతరం రెండు గంటలు చల్లని నీటిలో ఉంచాలి.

లభ్యమైన చోట సగం గేదె పాలు కలపడం అత్యంత సులభమైన పరిష్కారం.

వంట, నిల్వ

పనీర్ కరగదు కానీ ఎక్కువసేపు ఉడికితే గట్టిపడుతుంది. కూర సిద్ధమైన తరువాత చివరి ఐదు నిమిషాల్లో వేయాలి. వేయించిన ముక్కలను గోరువెచ్చని ఉప్పునీటిలో ఉంచితే మెత్తబడతాయి. ఫ్రిజ్‌లో నీటిలో ఉంచి, రోజూ నీరు మార్చుతూ మూడు రోజుల్లో వాడాలి.

తేట వినియోగం

లీటరు పాలు విరిస్తే, కలిపిన నీటితో సహా దాదాపు లీటరు తేట మిగులుతుంది. పాలలోని లాక్టోజు, రైబోఫ్లేవిన్ అధిక భాగం ఇందులోనే ఉంటాయి. దీనిని అదే రోజు రాగి సంగటికి, చపాతీ పిండికి, చారుకు వాడుకోవచ్చు. ఎక్కువ మొత్తంలో కాలువలో పారబోస్తే నీటిలోని ఆమ్లజనిని హరిస్తుంది.

విస్తరణ కార్యకర్తలకు సూచన

అమ్మకానికి పనీర్ తయారుచేసే మహిళా సంఘాలు ప్రమాణాలను పాటించాలి: తేమ 60 శాతానికి మించరాదు, పొడి పదార్థంలో పాల వెన్న 50 శాతానికి తగ్గరాదు. వెన్న తీసిన పాలతో ఈ ప్రమాణం అందదు. కనుక శిక్షణలో ముందుగా పాల రకాన్ని, వెన్న శాతాన్ని పరీక్షించి, ఆ తరువాతే విరిచే ఉష్ణోగ్రతను నిర్ణయించడం నేర్పాలి.