మెదడు గాయానికి వైకల్య పరిహారం (అమెరికా మాజీ సైనికులు)

సైనిక సేవలో తలకు దెబ్బ తగిలి మెదడు గాయపడిన మాజీ సైనికులకు అమెరికా సంయుక్త రాష్ట్రాల మాజీ సైనికుల వ్యవహారాల శాఖ నెలవారీ వైకల్య పరిహారం చెల్లిస్తుంది. ఇందుకు సాధారణంగా మూడు విషయాలు నిరూపించాలి: ప్రస్తుత వైకల్యం, సేవాకాలంలో జరిగిన గాయం, ఈ రెంటికీ గల సంబంధం.

ఇరాక్, ఆఫ్ఘనిస్తాన్ యుద్ధాలలో పేలుళ్ళ వలన కలిగిన స్వల్ప గాయాలు అనేకం అప్పట్లో నమోదు కాలేదు. ఇటువంటివి సీటీ స్కానులో తరచు కనిపించవు. అందుచేత తోటి సైనికుల, కుటుంబ సభ్యుల వాంగ్మూలాలను కూడా సాక్ష్యంగా స్వీకరిస్తారు. సంబంధాన్ని మాత్రం సాధారణంగా వైద్యుడే ధ్రువీకరించాలి. అనుకూల, ప్రతికూల సాక్ష్యాలు సమానమైనపుడు నిర్ణయం సైనికునికే అనుకూలంగా ఉంటుంది.

2008లో సవరించిన నిబంధనల ప్రకారం జ్ఞాపకశక్తి, విచక్షణ మొదలైన పది అంశాలను పరిశీలించి, వాటిలో అత్యంత తీవ్రమైనదానిని బట్టి 0, 10, 40, 70, 100 శాతాలలో ఒకటి నిర్ణయిస్తారు.