కారులో బేస్ తగ్గిందా? కొత్త ఊఫర్ కొనే ముందు ఇవి చూసుకోండి

ఆ మధ్య ఒక షాదీకి కర్నూలు నుంచి కడపకు మా చిన్న మామూ కారులో బయలుదేరాం. సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారు. డిక్కీలో పెద్ద సబ్ ఊఫర్ డబ్బా ఉంది. నంద్యాల దాటినా దాంట్లో దమ్ము లేదు. పాట వినిపిస్తోంది గానీ, గుండెకు తగిలే ఆ 'ధమ్' మాత్రం రావట్లేదు. అంతకు ముందు వారమే ఒక షాపులో చూపిస్తే, "ఊఫర్ పోయింది భాయ్, కొత్తది వేయాల్సిందే. ఎనిమిది వేలు అవుతుంది" అన్నారంట. మామూ కారు నడిపి బతికే మనిషి. ఆ డబ్బుతో పిల్లల స్కూలు ఫీజు ఒక టర్ము గడుస్తుంది.

చివరికి తేలింది ఏంటంటే, ఆంప్లిఫయర్ నల్ల వైరును కారు బాడీకి రంగు మీదే స్క్రూ పెట్టి బిగించారు. రంగు గీకి మళ్లీ బిగిస్తే బేస్ వచ్చేసింది. ఖర్చు ఒక సాండ్ పేపర్ ముక్క. అందుకే ఈ వివరాలు రాస్తున్నా. బేస్ తగ్గిన ప్రతిసారీ ఊఫర్ పోయినట్టు కాదు. ఖర్చు లేని పరీక్షలు ముందు, ఖర్చు ఉన్నవి తర్వాత చేసుకోవాలి.

బేస్‌కు కరెంటు ఎక్కువ ఎందుకు?

మనిషి గొంతు, తబలా చప్పుడు చిన్న స్పీకర్లు కూడా పలికిస్తాయి. 80 హెర్ట్జ్ కంటే కింది శబ్దానికి పెద్ద కోన్ బలంగా ముందుకూ వెనక్కూ కదలాలి. దానికి కరెంటు కావాలి. లెక్క చూద్దాం. 300 వాట్ల ఆంప్లిఫయర్ 80 శాతం సామర్థ్యంతో పని చేస్తే బ్యాటరీ నుంచి 375 వాట్లు లాగుతుంది. ఇంజన్ ఆన్‌లో ఉన్నప్పుడు 13.8 వోల్టులు అనుకుంటే, అది దాదాపు 27 ఆంపియర్లు. 55 వాట్ల హెడ్‌లైట్లు రెండూ కలిపి వాడేది 8 ఆంపియర్లే.

ఇంత కరెంటు పోయే దారిలో 0.1 ఓమ్ అడ్డు ఉన్నా 2.7 వోల్టులు అక్కడే పోతాయి. రంగు, తుప్పు, వదులు స్క్రూ చేసేది ఇదే. కరెంటు తక్కువ చాలే చిన్న స్పీకర్లు మామూలుగా పలుకుతాయి, బేస్ మాత్రం నీరసపడుతుంది.

మొదట సెట్టింగులు

స్టీరియోలో 'సబ్ ఊఫర్' ఆన్‌లో ఉందా, దాని లెవెల్ సున్నాకు పోయిందా చూడండి. బ్యాటరీ తీసి పెట్టాక చాలా స్టీరియోల్లో సెట్టింగులు మొదటికి వచ్చేస్తాయి. ఆంప్లిఫయర్ మీద ఎల్‌పీఎఫ్ అని ఉండే గుండీని 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. సబ్‌సోనిక్ అనేది ఉంటే 25, 30 దగ్గర చాలు. అది పైకి జరిగితే బేస్‌ను అదే కోసేస్తుంది.

'గెయిన్' వాల్యూమ్ గుండీ కాదు. స్టీరియో ఇచ్చే సిగ్నల్‌కు ఆంప్లిఫయర్‌ను సరిపెట్టేది. బేస్ రావట్లేదని దాన్ని చివరిదాకా తిప్పితే శబ్దం పగులుతుంది, ఊఫర్ కాయిల్ కాలుతుంది. చిన్న తప్పుతో మొదలై నిజంగానే ఎనిమిది వేల ఖర్చు అయ్యేది ఇక్కడే.

తర్వాత తీగలు

ఏ వైరు ముట్టుకునే ముందైనా స్టీరియో, ఆంప్లిఫయర్ ఆఫ్ చేయండి. ఎర్త్, పవర్ వైర్లు ఊడదీసేటప్పుడు బ్యాటరీ నెగెటివ్ కూడా తీసేయండి.

ఊఫర్‌కు వెళ్లే రెండు వైర్లు అటూ ఇటూ మార్చి, ముందు సీట్లో కూర్చుని వినండి. ఊఫర్, ముందు స్పీకర్లు ఒకదానికొకటి ఎదురుగా కదులుతుంటే బేస్‌ను అవే చంపుకుంటాయి. ఏ పద్ధతిలో గట్టిగా వినిపిస్తే అదే ఉంచండి. ఆంప్లిఫయర్ మీద 0, 180 అని ఫేజ్ స్విచ్ ఉంటే వైర్లు మార్చే పని కూడా లేదు. స్టీరియో నుంచి వచ్చే ఆర్‌సీఏ పిన్నుల్లో ఒకటి ఊడినా బేస్ తగ్గొచ్చు.

పాట గట్టిగా పెట్టి, మల్టీమీటర్ ఒక పుల్లను ఆంప్లిఫయర్ ఎర్త్ టెర్మినల్‌కు, ఇంకోటి బ్యాటరీ నెగెటివ్‌కు ఆనించండి. అర వోల్టు దాటితే ఎర్త్ మీద అనుమానం పెట్టుకోవాలి. ఎర్త్ వైరు పొట్టిగా ఉండాలి, 45 సెంటీమీటర్లలోపు అయితే మంచిది. రంగు గీకిన ఇనుము మీద బోల్టుతో బిగించాలి. పవర్ వైరుకు బ్యాటరీ దగ్గరే ఫ్యూజు ఉందో లేదో కూడా చూడండి. లేకపోతే వైరు ఒరుసుకుపోయిన రోజు కారుకే నిప్పంటుకుంటుంది. చౌక వైర్లలో లోపల అల్యూమినియం, పైన రాగి పూత ఉంటుంది. అల్యూమినియం రాగిలో 60 శాతం మేరకే కరెంటు మోస్తుంది కాబట్టి అలాంటి వైరు ఇంకా లావుగా ఉండాలి.

ఊఫర్ బతికుందా?

ఊఫర్ వైర్లు ఆంప్లిఫయర్ నుంచి తీసేసి, గోడ గడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్‌ను ఒక్క క్షణం ఆనించండి. 'టప్' అని కోన్ కదిలితే కాయిల్ తెగలేదు. మల్టీమీటర్‌తో చూస్తే 4 ఓమ్‌ల కాయిల్ మూడు, మూడున్నర ఓమ్‌ల దాకా చూపిస్తుంది. కోన్‌ను రెండు చేతులతో సమానంగా, మెల్లగా నొక్కి చూడండి. గరగర రాసుకుంటే కాయిల్ దెబ్బ తిన్నట్టే.

రెండు కాయిళ్ల ఊఫర్ అయితే కనెక్షన్ చూడాలి. రెండు 4 ఓమ్‌ల కాయిళ్లు సిరీస్‌లో కలిపితే 8 ఓమ్‌లు, ప్యారలల్‌లో 2 ఓమ్‌లు. 8 ఓమ్‌ల మీద పవర్ దాదాపు పావు వంతే వస్తుంది. అయితే 2 ఓమ్‌లు తట్టుకుంటుందని ఆంప్లిఫయర్ మీద రాసి ఉంటేనే మార్చండి.

మన ఎండలు

పొద్దున బాగా కొట్టి మధ్యాహ్నం నీరసపడితే అది వేడి పని. బయట 42 డిగ్రీలు ఉంటే మూసిన కారు లోపల 60 దాటుతుంది. కాయిల్ రాగి 100 డిగ్రీలు వేడెక్కితే దాని అడ్డు దాదాపు 40 శాతం పెరుగుతుంది, శబ్దం తగ్గుతుంది. సీటు కింద, కార్పెట్ కింద దాచిన ఆంప్లిఫయర్ వేడికి తనంతట తానే ఆగిపోతుంది. దానికి గాలి ఆడే చోటు ఇవ్వండి. ఎండకు ఊఫర్ అంచు రబ్బరు, ఫోమ్ పగులుతాయి. డబ్బా అతుకులూ విడిపోతాయి. మూసిన డబ్బా అయితే అతుకుల దగ్గర చెయ్యి పెట్టి గాలి బయటికి తంతోందా చూడండి.

ఇవన్నీ చూశాక కూడా బేస్ రాకపోతే అప్పుడు షాపుకు వెళ్లండి. వెళ్లినప్పుడు "ఊఫర్ చూడండి" అనకుండా, "ఆంప్లిఫయర్ దగ్గర వోల్టేజ్ ఎంత వస్తోంది, కాయిల్ ఎన్ని ఓమ్‌లు చూపిస్తోంది, మా ముందే మీటర్ పెట్టండి" అని అడగండి. కొత్తది కొనాల్సే వస్తే డబ్బా మీద పెద్దగా వేసిన పీక్ వాట్లు కాదు, ఆర్‌ఎంఎస్ వాట్లు చూడండి. ఎంతసేపైనా నిలకడగా తట్టుకునే పవర్ అదే.