ఖాళీ ఉన్నా చోటు లేదు!

వినుకొండ నుంచి గుంటూరు వెళ్లే బస్సులో మూడు సీట్లు ఖాళీగా ఉన్నా, ఒక్కోటి ఒక్కో వరుసలో ఉంటే ముగ్గురు మిత్రులం పక్కపక్కన కూర్చోలేం. కంప్యూటర్ మెమరీకీ ఇదే చిక్కు. దీన్నే ఫ్రాగ్మెంటేషన్ అంటారు. డిగ్రీ, ఎం.సి.ఎ. చదివే మన హాస్టల్ మిత్రులకు నిర్వచనం కంఠతా వచ్చు. కానీ ఇంటర్వ్యూలో "మెమరీ ఖాళీగా ఉన్నా కెర్నెల్ ఎందుకు ఇవ్వలేకపోయింది?" అని అడిగితే నిర్వచనం ఒక్కటే చాలదు. లినక్స్‌ను ఉదాహరణగా తీసుకుందాం.

మామూలు ప్రోగ్రాములకు ఈ బాధ తక్కువ. 4 కె.బి. పేజీలు ఎక్కడెక్కడున్నా పేజీ టేబుల్ వాటిని ఒకే వరుసలా చూపిస్తుంది. కానీ మెమరీలోకి నేరుగా రాసే కొన్ని పరికరాలకు నిజంగానే పక్కపక్కన ఉన్న పేజీలు కావాలి. 2 ఎం.బి. హ్యూజ్ పేజీకైతే 512 పేజీలు ఒకేచోట దొరకాలి.

ఇందుకు లినక్స్ వాడేది బడ్డీ పద్ధతి. 1965లో కెనెత్ నోల్టన్ దీన్ని ప్రచురించారు. పేజీలను 1, 2, 4, 8, 16 ఇలా రెట్టింపు ముక్కలుగానే ఉంచుతారు. 4 పేజీలు కావాలి, 16 పేజీల ముక్కే ఉంది అనుకోండి. దాన్ని 8, 8గా, అందులో ఒకదాన్ని 4, 4గా విడగొట్టి ఒకటి ఇస్తారు. తిరిగి వచ్చాక దాని జత కూడా ఖాళీగా ఉంటే రెండూ కలిసిపోతాయి. 8వ పేజీ దగ్గర మొదలయ్యే నాలుగు పేజీల ముక్కకు జత 12 దగ్గర మొదలయ్యేదే. 4 దగ్గర మొదలయ్యేది పక్కనే ఉన్నా జత కాదు! నంబరులో ఒక్క బిట్ మారిస్తే జత తెలిసిపోతుంది, వెతుకులాటే లేదు. మాకు బాగా నచ్చింది ఇదే. నష్టమూ ఉంది: 5 పేజీలు అడిగితే 8 ఇవ్వాలి, 3 వృథా. ఇక పేజీకంటే చిన్న వస్తువుల కోసం స్లాబ్ పద్ధతి ఉంది. జెఫ్ బాన్విక్ 1994లో వివరించారు.

అసలు తలనొప్పి కదలని పేజీలతోనే. హాలులో ట్రంకు పెట్టెలను గోడవారకు జరపవచ్చు, నేలకు బిగించిన బీరువాను జరపలేం. ప్రోగ్రాముల పేజీలు చాలావరకు ట్రంకు పెట్టెలు, కెర్నెల్ సొంత పేజీలు ఎక్కువగా బీరువాలు. ఒక్క బీరువా నడిమధ్యన పడితే పెద్ద ముక్క పోయినట్టే. అందుకే మెల్ గోర్మన్ కదిలేవాటిని ఒకచోట, కదలనివాటిని మరోచోట ఉంచే ఏర్పాటు చేశారు. అది 2008 జనవరిలో విడుదలైన లినక్స్ 2.6.24లో వచ్చింది. పేజీలను జరిపి చోటు చేసే కంపాక్షన్ 2010లో, 2.6.35తో వచ్చింది.

లినక్స్ కంప్యూటర్ దొరికితే ప్రాక్ డైరెక్టరీలోని బడ్డీఇన్ఫో ఫైలు తెరవండి. ప్రతి వరుసలో మొదటి అంకె ఒంటరి పేజీల ముక్కలు ఎన్నో చెబుతుంది, తరువాతది రెండేసి పేజీలవి, ఆపైన నాలుగేసివి. ఎడమవైపు పెద్ద అంకెలు, కుడివైపు సున్నాలు కనిపిస్తే అక్కడ ఖాళీ ఉన్నా చోటు లేదన్నమాట.