అగ్గిపెట్టె వయసెంత?

అగ్గిపెట్టె మీద బొమ్మ ఉంటుంది, కంపెనీ పేరు ఉంటుంది, ఊరి పేరు ఉంటుంది. పాత పెట్టెల మీద లేనిది తేదీ ఒక్కటే. నాలుగు రోజుల్లో ఖాళీ చేసి పారేసే వస్తువుకు పుట్టినరోజు రాయాలని ఎవరికి తోస్తుంది? అయినా అటక మీదో, పాత ట్రంకుపెట్టె అడుగునో దొరికిన అగ్గిపెట్టె ఏ కాలానిదో చాలావరకు తేల్చవచ్చు. అందుకు ముందుగా బొమ్మను పక్కన పెట్టాలి. జనం మెచ్చిన బొమ్మను కంపెనీలు దశాబ్దాల తరబడి అచ్చు వేసేవి, పోటీదారులు దాన్నే కొద్దిగా మార్చి వేసుకునేవారు. కాలం తెలియాలంటే తయారీదారు తన ఇష్టప్రకారం మార్చలేని వాటిని చూడాలి. అవి మూడు: మందు, పన్ను, చిరునామా.

ముందు మందు సంగతి చూద్దాం. గీస్తే అంటుకునే పుల్లను 1826లో ఇంగ్లండులోని స్టాక్‌టన్ పట్టణంలో జాన్ వాకర్ అనే మందుల వ్యాపారి తయారుచేసి, మరుసటి ఏడు అమ్మకానికి పెట్టాడు. గరుకు కాగితం మధ్య పెట్టి లాగితే అది మండేది. 1830లో ఫ్రాన్సులో షార్ల్ సోరియా పుల్ల తలకు తెల్ల భాస్వరం కలిపాడు. దాంతో ఏ గోడకు గీసినా పుల్ల వెలిగేది. కానీ ఆ భాస్వరపు ఆవిరి పీల్చిన కార్మికుల దవడ ఎముకలు కుళ్లిపోయేవి. వారిలో స్త్రీలు, పిల్లలు చాలామంది. ఆ జబ్బు ఎన్నో బతుకులను బలి తీసుకుంది.

దీనికి విరుగుడు స్వీడన్‌లో దొరికింది. మండించే సరంజామా అంతా పుల్ల తలలోనే ఎందుకు ఉండాలని గుస్తాఫ్ ఎరిక్ పాష్ ఆలోచించాడు. 1844లో ఆయన పేటెంటు పొందిన పద్ధతిలో భాస్వరం పుల్లను వదిలి పెట్టె పక్కకు చేరింది. అదీ విషపూరితమైన తెల్ల భాస్వరం కాదు, ఎర్ర భాస్వరం. యోన్‌షోపింగ్ పట్టణానికి చెందిన లుండ్‌స్ట్రోమ్ సోదరులు ఆ పద్ధతిని మెరుగుపరిచి, 1855 పారిస్ ప్రదర్శనలో పతకం గెలిచారు. నేటి అగ్గిపెట్టె సూత్రం ఇప్పటికీ అదే. పుల్ల తలలో పొటాషియం క్లోరేట్, గంధకం, గాజుపొడి, జిగురు ఉంటాయి. పెట్టె పక్కనున్న పూతలో ఎర్ర భాస్వరం, గాజుపొడి ఉంటాయి. గీసినప్పుడు పుట్టే వేడికి రవ్వంత ఎర్ర భాస్వరం తెల్ల భాస్వరంగా మారి మండుతుంది. ఆ వేడికి క్లోరేట్ ప్రాణవాయువును విడుదల చేస్తుంది, గంధకం అంటుకుంటుంది, చివరికి మంట పుల్లకు పాకుతుంది. ఇదంతా రెప్పపాటులో జరిగిపోతుంది.

తెల్ల భాస్వరాన్ని అగ్గిపుల్లల్లో వాడకూడదని 1906లో బెర్న్ నగరంలో దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. భారతదేశంలో దానికి చట్టం 1913లో వచ్చింది. అందువల్ల ఇక్కడ దొరికే పాత పెట్టెల్లో అత్యధికం పక్కన గోధుమ రంగు పూత ఉన్నవే. ఆ పూతను చూసి కాలాన్ని మరీ దగ్గరగా చెప్పలేం. పెట్టె కట్టుబడి కొంత సాయం చేస్తుంది. పలుచని చెక్కపొరను మడిచి కాగితం అతికించిన పెట్టె పాత పద్ధతి. అట్టపెట్టెలు ఆ తర్వాత వచ్చాయి.

రెండోది పన్ను. మొదటి ప్రపంచయుద్ధం నాటికి మన దేశానికి అగ్గిపెట్టెలు ప్రధానంగా స్వీడన్, జపాన్ దేశాల నుంచి వచ్చేవి. 1922లో ప్రభుత్వం దిగుమతి సుంకాన్ని గ్రోసుకు, అంటే 144 పెట్టెలకు, రూపాయిన్నరకు పెంచింది. సుంకం తప్పించుకోవాలంటే ఇక్కడే తయారుచేయాలి. స్వీడన్ వాళ్లు 1923లో వెస్టర్న్ ఇండియా మ్యాచ్ కంపెనీని స్థాపించారు. అదే విమ్‌కో. దాదాపు అదే సమయంలో శివకాశి నుంచి పి. అయ్యనాడార్, ఎ. షణ్ముగనాడార్ అనే ఇద్దరు దాయాదులు కలకత్తా వెళ్లి ఈ పని నేర్చుకుని వచ్చి సొంత ఊళ్లో మొదలుపెట్టారు. ఒకవైపు ప్రపంచాన్ని ఏలుతున్న స్వీడన్ యంత్రాలు, మరోవైపు వాన కోసం ఆకాశం వైపు చూసే సీమలోని చేతులు. శివకాశి చేతులనే నమ్ముకుంది. పుల్లలను చట్రాల్లో పేర్చడం, మందులో ముంచడం, పెట్టెల్లో నింపడం చేతిపనిగానే ఊరూరా పాకాయి. వాన తక్కువ కావడం వ్యవసాయానికి శాపమైనా, ముంచిన పుల్లలు ఆరడానికి అది కలిసివచ్చింది.

1934లో ప్రభుత్వం దేశంలో తయారైన అగ్గిపెట్టెల మీద కూడా ఎక్సైజు సుంకం వేసింది. పెట్టెలోని పుల్లల సంఖ్యను బట్టి సుంకం ఉండేది. అది కట్టినట్టు చూపేందుకు పెట్టెకు సన్నని కాగితపు పట్టీ అతికించేవారు. ఆ పట్టీ గానీ, చిరిగిన ముక్క గానీ కనిపిస్తే పెట్టె 1934కు ముందుది కాదు. ధర అచ్చయి ఉంటే అది మరో ఆధారం. ‘నయా పైసలు’ అని ఉంటే అది 1957 ఏప్రిల్‌కూ 1964 జూన్‌కూ మధ్యది, ఎందుకంటే ఆ తర్వాత ‘నయా’ అనే మాట పోయి పైసలు మిగిలాయి. ఇటీవలి పెట్టెలకైతే ఇంకా సులువు. 2007లో అర్ధరూపాయి పెట్టె రూపాయి అయింది, 2021 డిసెంబరు 1న రెండు రూపాయలైంది.

మూడోది చిరునామా. శివకాశి, కోవిల్‌పట్టి పెట్టెల విషయంలో అన్నిటికన్నా పదునైన ఆధారం ఇదేనని నా నమ్మకం. ఊరు కదలకపోయినా దాని వెనకున్న జిల్లా, రాష్ట్రం పేర్లు మారాయి. మద్రాసు రాష్ట్రం 1969 జనవరి 14న తమిళనాడు అయింది. పిన్‌కోడు 1972 ఆగస్టు 15న వచ్చింది, కాబట్టి 626123 అని ఉన్న శివకాశి పెట్టె అంతకుముందుది కాదు. శివకాశి 1985 మార్చి వరకు రామనాథపురం జిల్లాలో ఉండేది. తర్వాత కామరాజర్ జిల్లా, 1997 నుంచి విరుదునగర్ జిల్లా. కోవిల్‌పట్టి 1986 అక్టోబరు వరకు తిరునెల్వేలి జిల్లాలో ఉండి, తర్వాత వి.ఓ. చిదంబరనార్ జిల్లాలోకి వెళ్లింది. 1997లో ఆ జిల్లా పేరు తూత్తుకుడిగా మారింది.

ఇప్పుడు లెక్క కడదాం. ఒక పెట్టె మీద కామరాజర్ జిల్లా, 626123 అని ఉన్నాయనుకోండి. పిన్‌కోడు 1972 తర్వాతిదంటుంది, జిల్లా పేరు 1985–97 మధ్యదంటుంది. ఎప్పుడూ ఆలస్యంగా పుట్టిన ఆధారమే గెలుస్తుంది. పాత ఆధారం కొత్త పెట్టె మీద కొనసాగవచ్చు గానీ, ఇంకా పుట్టని పేరు పాత పెట్టె మీదకు రాలేదు. పాత లేబుళ్లు అయిపోయేదాకా వాడేవారు గనుక ఆఖరి సంవత్సరానికి కొంత వెసులుబాటు ఇవ్వాలి.

ఈ నేలతో తెలుగువారికి చుట్టరికం కూడా ఉంది. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్ గ్రామంలో తెలుగు మాట్లాడే ఇంట పుట్టిన కి. రాజనారాయణన్ ఆ నల్లరేగడి బతుకులను తమిళంలో రాసి 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకున్నారు. ఆ పొడి నేల మీద సేద్యం కూడు పెట్టని రోజుల్లో కుటుంబాలను నిలబెట్టింది అగ్గిపెట్టె పనే. అందులో పిల్లల చేతులూ నలిగాయి. శివకాశి కర్మాగారాల్లోని బాలకార్మికుల గురించి వేసిన కేసులోనే సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో కీలకమైన తీర్పు ఇచ్చింది. పెట్టె కాలం తెలియడం ఎందుకు ముఖ్యమో ఇక్కడే అర్థమవుతుంది. అది ఎవరి చేతుల్లో, ఏ పరిస్థితుల్లో తయారైందో అడగడానికి తేదీ మొదటి మెట్టు.

అందుకే లేబుళ్లు సేకరించే వారికి నాదొక విన్నపం. బొమ్మను నీళ్లలో నానబెట్టి ఊడదీసి పుస్తకంలో అతికించుకోవద్దు. అలా చేస్తే సుంకం పట్టీ పోతుంది, చెక్కపొర పోతుంది, పక్క పూత పోతుంది, అడుగున అచ్చయిన చిరునామా పోతుంది. మిగిలేది ఏ కాలానిదో చెప్పలేని అందమైన కాగితం. పుల్లలు మిగిలి ఉంటే వాటిని తీసి వేరుచేసి, ఖాళీ పెట్టెను తేమ తగలని చోట పెట్టెగానే దాచండి. ఎక్కడ దొరికిందో, ఎవరింటిదో ఒక చీటీ మీద రాసి లోపల పెట్టండి. తయారుచేసిన వారు రాయని తేదీని మనం లెక్కకట్టగలం గానీ, పారేసిన పెట్టెను ఎవరూ తిరిగి చదవలేరు.