సందేశము ఎక్కడ ఆగినది? – నెట్‌వర్క్ స్విచ్‌లలో లోపాన్వేషణ

స్విచ్ అనగానే మనకు గోడమీది దీపపు మీట జ్ఞాపకమునకు వస్తుంది. మేము ఇక్కడ చెప్పబోవు స్విచ్ అది కాదు. కార్యాలయములలో, వైద్యశాలలలో, కళాశాలలలో వందలకొలది కంప్యూటర్లను ఒకదానితో నొకటి మాట్లాడించు పెట్టె అది. వరుసగా 24 గాని, 48 గాని రంధ్రములు, ఒక్కొక్క రంధ్రమునకు ఒక చిన్న దీపము, లోపల గాలిపంకా రొద. సాధారణముగా ఏ మూలగదిలోనో తాళము వేసి ఉంటుంది. అది పనిచేసినంత కాలము దాని ఉనికి ఎవరికీ తెలియదు. పనిచేయని నాడు మాత్రము, పరీక్ష రుసుము కట్టుటకు చివరి దినమున వచ్చిన విద్యార్థి మొదలు ప్రిన్సిపాలుగారి వరకు అందరికీ తెలుస్తుంది. సాహిత్యము చదువుకొన్నవారికి ఈ విషయముతో ఏమి పని అని కొందరు అడుగవచ్చును. ఒకరి మాట మరొకరికి ఎందుచేత అందలేదు అన్నది భాష బోధించువారికి పరాయి ప్రశ్న కాదని మా సమాధానము.

లోపమును వెదకుటకు ముందు పని తీరు తెలియవలెను. ఈథర్‌నెట్ అను పద్ధతి 1973లో అమెరికాలోని జిరాక్స్ సంస్థ పరిశోధనశాలలో మొదలైనది. ఈ పద్ధతిలో ప్రతి యంత్రమునకు 48 బిట్ల చిరునామా ఒకటి ఉంటుంది. దీనిని మాక్ చిరునామా అంటారు. స్విచ్ తెలివి అంతయు ఒక పట్టికలో ఉన్నది. ఏ పోర్టు నుండి ఏ చిరునామా గల యంత్రము మాట్లాడినదో అది వ్రాసిపెట్టుకొంటుంది. తరువాత ఆ చిరునామాకు సందేశము వచ్చినప్పుడు ఆ ఒక్క పోర్టుకే పంపుతుంది. పట్టికలో లేని చిరునామా అయిన యెడల, సందేశము వచ్చిన పోర్టు తప్ప తక్కిన పోర్టులన్నిటికీ పంపివేస్తుంది. ఊరికి కొత్తగా వచ్చిన పోస్టుమాన్ "ఫలానావారి ఇల్లు ఎక్కడ?" అని వీధిలో కేకవేసినట్లన్నమాట. ఒకసారి జవాబు వచ్చిన పిమ్మట మరల కేకతో పనిలేదు. చాల స్విచ్‌లలో ఒక యంత్రము 300 సెకండ్లు మౌనముగా ఉన్నచో దాని పేరు పట్టిక నుండి తొలగిపోతుంది.

ఫిర్యాదు ఎప్పుడూ "నెట్ రావడం లేదు" అనియే వస్తుంది. ఇది జ్వరము అన్నంత స్థూలమైన మాట. ఒక్కరికే రావడము లేదా, గదిలో అందరికా, భవనమంతటికా అన్నది మొదట తేల్చుకొనవలెను. ఒక్కరికే అయిన యెడల తీగ, పోర్టు, ఆ కంప్యూటరు, ఈ మూడింటిని దాటి పోనక్కరలేదు. ఎప్పటినుండి, అంతకు ముందు ఎవరు ఏమి మార్చినారు అన్నది పిమ్మట అడుగవలసినది. దీనికి "ఏమీ మార్చలేదండీ" అను జవాబే తరచుగా వస్తుంది. ఆ జవాబును గౌరవించవలెను గాని నమ్మవలసిన పనిలేదు.

ఆపైన క్రింది మెట్టు నుండి ఎక్కవలెను. పోర్టు దీపము వెలుగుచున్నదా? లేనిచో పరికరమును తిట్టుటకు ముందు తీగను మార్చి చూడవలెను. రాగితీగకు హద్దు 100 మీటర్లు. అందులో 4 జతల తీగలు ఉంటాయి. 100 మెగాబిట్ల వేగమునకు 2 జతలు చాలును; 1000 మెగాబిట్లకు నాలుగును కావలెను. అందుచేత ఎలుక కొరికిన జత ఒక్కటైనను, పాత కంప్యూటరుకు బాగుగానే పనిచేసిన తీగ కొత్తదానికి పనిచేయకపోవచ్చును. కొన్ని పరికరములలో వేగము తగ్గిపోతుంది, కొన్నింటిలో లింకే నిలువదు. "నిన్నటిదాకా పనిచేసిన తీగే గదా" అను వాదము ఇక్కడ చెల్లదు.

దీపము వెలుగుచున్నది, అయినను పని సాగదు. మా దృష్టిలో అన్నిటికంటె జిత్తులమారి లోపము ఇదియే. దీనిని డుప్లెక్స్ భేదము అంటారు. తీగకు రెండు కొసలలోని యంత్రములు ఒకేసారి మాట్లాడుచు వినగలిగినచో అది ఫుల్ డుప్లెక్స్. ఒకరు మాట్లాడునప్పుడు మరొకరు ఆగవలసినచో అది హాఫ్ డుప్లెక్స్. రెండు కొసలను ఆటో అను అమరికలో ఉంచిన యెడల అవి తమలో తాము మాట్లాడుకొని ఒక ఒప్పందమునకు వస్తాయి. కాని ఎవరో ఉత్సాహవంతులు ఒక కొసను 100 మెగాబిట్లు, ఫుల్ డుప్లెక్స్ అని బిగించి, రెండవ కొసను ఆటోలోనే వదలినారనుకొందము. బిగించిన కొస బేరమాడదు. ఆటో కొస వేగమును మాత్రము పసిగట్టగలదు. డుప్లెక్స్ సంగతి తెలియక, నియమము ప్రకారము హాఫ్‌కు దిగిపోతుంది. ఇక ఒకరు ఆగి ఆగి మాట్లాడుచుండగా మరొకరు ఆగకుండ మాట్లాడుతారు. చిన్న సందేశములు దాటిపోతాయి కనుక పింగ్ పరీక్షలో అంతా సవ్యముగానే కనిపిస్తుంది. పెద్ద ఫైలు పంపినప్పుడే నత్తనడక బయటపడుతుంది. అప్పుడు పోర్టు లెక్కలు తెరచి చూడవలెను. హాఫ్ కొసలో ఆలస్యపు ఢీకొనుటలు, ఫుల్ కొసలో సీఆర్‌సీ తప్పులు పెరుగుచున్న యెడల జబ్బు దొరికినట్లే. మందు సులభము: రెండు కొసలను ఆటోలో ఉంచుట, లేదా రెండింటిని ఒకే విధముగా బిగించుట.

వీలాన్ లోపములను చెప్పుటకు మాకు ఈ సంచికయే చక్కని దృష్టాంతము. ఉర్దూ పుటలు కుడినుండి, తెలుగు పుటలు ఎడమనుండి మొదలైనను రెండును ఒకే అట్టలో ఇమిడి ఉన్నవి. అట్లే ఒకే స్విచ్‌లో కార్యాలయపు కంప్యూటర్లను ఒక సమూహముగా, ప్రయోగశాల కంప్యూటర్లను మరొక సమూహముగా విడదీయవచ్చును. రెండు స్విచ్‌ల నడుమ అన్ని సమూహముల సందేశములను మోయు తీగను ట్రంక్ అంటారు. కలగాపులగము కాకుండ ప్రతి సందేశమునకు 4 బైట్ల ముద్ర ఒకటి వేస్తారు. ముద్రలేని సందేశము వచ్చినచో దానిని ముందుగా నిర్ణయించిన ఒక సమూహమునకు చేరుస్తారు. ఇవతలి స్విచ్ ముద్రలేనిదంతా తెలుగు అనియు, అవతలి స్విచ్ ఉర్దూ అనియు భావించినచో ఏమగునో పాఠకులే ఊహించగలరు. కొత్త సమూహమును సృష్టించి, దానిని ట్రంక్ అనుమతి జాబితాలో చేర్చుట మరచిపోవుట ఇంకొక సామాన్య లోపము. అప్పుడు ఒకే గదిలోనివారు మాట్లాడుకొంటారు, పై అంతస్తుతో మాత్రము మాట కలువదు.

ఇక లూప్. ఇంతవరకు చెప్పిన లోపములు ఒకరి నోరు మూస్తాయి. ఇది ఊరందరి నోరు మూస్తుంది. ఒక తీగ తెగినను పని ఆగకుండుటకు స్విచ్‌ల నడుమ రెండు దారులు ఉంచుట మంచిదే. కాని అందరికీ అని పంపిన సందేశము ఒక దారిన వెళ్లి మరొక దారిన తిరిగివస్తుంది, మరల వెళ్తుంది. ఈథర్‌నెట్ సందేశమునకు ఆయుఃప్రమాణము లేదు. ఎన్ని చుట్లు తిరిగినను తనంత తాను నశించదు. క్షణములలో తుపాను లేస్తుంది. దీనికి విరుగుడుగా డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేసిన రేడియా పెర్ల్‌మన్ 1985లో స్పానింగ్ ట్రీ అను పద్ధతిని ప్రకటించినారు. అధికమైన దారులను మూసి, మిగిలినవాటిని కొమ్మలు మరల కలియని చెట్టువలె నిలుపుటయే దాని సారము. ఆ విద్వాంసురాలు తన పరిశోధన పత్రమునకు సారాంశముగా ఒక చిన్న పద్యమును కూర్చినారు. గణితమునకు పద్యము సారాంశము కావడము మావంటివారికి కొంత గర్వకారణము. 1990లో ఈ పద్ధతి ఐ.ట్రిపుల్.ఈ. ప్రమాణమైనది.

అయితే ఈ చెట్టుకును హద్దులున్నవి. స్విచ్‌లు ప్రతి 2 సెకండ్లకు ఒకసారి తమ క్షేమసమాచారము పంపుకొంటాయి. మూసియున్న పోర్టునకు 20 సెకండ్లు ఆ సమాచారము అందనిచో, అవతలి దారి తెగిపోయినదని భావించి అది తెరచుకొనుటకు సిద్ధపడుతుంది. స్విచ్ పని ఒత్తిడిలో మునిగి ఆ సమాచారమును అందుకొనలేకపోయిన యెడల, తెరువరాని తలుపు తెరచుకొంటుంది. అందుచేతనే వరుసగా 7 స్విచ్‌లకు మించి ఉండరాదని ప్రమాణము సూచించినది.

2002 నవంబరు 13న బోస్టన్ నగరములోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ వైద్యశాలలో ఈ హద్దు దాటిన ఫలితము కనిపించినది. అంచెలంచెలుగా అతుకులతో పెరిగిన నెట్‌వర్క్ అది. ఒక పరిశోధకుని ప్రోగ్రాము నుండి పెద్దమొత్తమున సమాచారము ప్రవహించగా చెట్టు నియమము చెదిరి, వైద్యశాల అంతటా యంత్రములు మూగవోయినవి. ఆ ప్రోగ్రామును ఆపినను జబ్బు పోలేదు; అసలు లోపము నిర్మాణములోనే ఉన్నది. సుమారు 4 దినములు వైద్యులు మందుల చీటీలను, పరీక్షల ఫలితములను కాగితముపై వ్రాసి చేతులమీదుగా పంపుకొన్నారు. తయారీ సంస్థ ఇంజనీర్లు వచ్చి కొత్త పరికరములతో సరిదిద్దినారు. ఆ వైద్యశాల సమాచార విభాగపు అధికారి జాన్ హాలమ్కా ఈ సంగతిని దాచక బహిరంగముగా వివరించుట, మా అభిప్రాయమున, ఆ మరమ్మతుకంటె గొప్ప ఉపకారము.

మనవంటి చోట్ల లూప్ ఇంత పెద్ద కారణముతో రాదు. నేలమీద వ్రేలాడుచున్న తీగ కొసను చూచి, ఎవరో సదుద్దేశముతో ఖాళీ రంధ్రములో దూర్చుతారు; దాని రెండవ కొస అప్పటికే అదే స్విచ్‌లో ఉంటుంది. బల్లక్రింద పెట్టుకొను చౌక స్విచ్‌లలో చాలవాటికి స్పానింగ్ ట్రీ తెలియదు. దీపములన్నియు ఒక్కసారిగా తీవ్రముగా మిణుకుట, ఒకే మాక్ చిరునామా ఇప్పుడొక పోర్టులో, మరుక్షణము మరొక పోర్టులో కనిపించుట దీని గుర్తులు. అప్పుడు ఇతర స్విచ్‌లకు పోవు తీగలను ఒక్కొక్కటిగా తీయుచు పోవలెను. ఏది తీసినప్పుడు తుపాను శాంతించినదో ఆ దిక్కున వెదకవలెను. తీసిన ప్రతి తీగకు చీటీ కట్టుట మరువరాదు.

కళాశాల కమిటీవారికి ఒక విన్నపము. విద్యార్థుల ప్రవేశములు, ఉపకారవేతనముల దరఖాస్తులు ఈ పెట్టెల గుండానే సాగుచున్నవి. గడువు తేదీ మన తీగల కోసము ఆగదు. ఏ పోర్టు ఏ గదికి పోవునో తెలుపు పటమొకటి గీయించి, స్విచ్ గది తలుపు లోపలివైపున అతికించిన యెడల వ్యయము స్వల్పము. చేసిన ప్రతి మార్పును తేదీతో వ్రాయుటకు ఒక రిజిస్టరు, గది తాళపుచెవికి రెండవ ప్రతి, అది ఎవరివద్ద ఉన్నదో తెలుపు చీటీ ఆఫీసు గదిలో ఉండవలెను.